మూగతెరపై వేలుపులు: ఫాల్కే నాటి పౌరాణిక చలనచిత్రాలు

గోదావరీ జన్మస్థానమైన త్ర్యంబక క్షేత్రం తెలుగు యాత్రికులకు సుపరిచితమే. బ్రహ్మగిరి పాదాన వెలసిన జ్యోతిర్లింగాన్ని సేవించి, కుశావర్త తీర్థంలో స్నానమాడి తిరిగి వచ్చేవారు మన గోదావరి జిల్లాల నుండి ఏటా ఎందరో ఉన్నారు. ఆ క్షేత్రంలోనే ఒక వైదిక కుటుంబంలో 1870 ఏప్రిల్ 30వ తేదీన ఢుండిరాజ్ గోవింద ఫాల్కే జన్మించారు. తండ్రి సంస్కృత విద్వాంసులు. కుమారుడు కూడా పురాణ ప్రవచనం చేసుకుంటూ జీవించవలసినవాడే. కాని ఆయన పురాణాన్ని నోటితో కాక వెలుగుతో చెప్పారు. లోకం ఆయనను దాదాసాహెబ్ ఫాల్కే అని పిలుచుకుంది.

నేడు పౌరాణిక చిత్రమంటే మనకు పద్యం, పాట, గంభీరమైన సంభాషణ గుర్తుకు వస్తాయి. 1913 నుండి సుమారు రెండు దశాబ్దాల పాటు మన దేవతలు తెరపై మాటలేకుండానే సంచరించారు. శ్రీరాముడు పెదవి కదిపితే శబ్దం వినిపించేది కాదు. హనుమంతుడు గర్జిస్తే ప్రక్కనున్న హార్మోనియం మ్రోగేది. అటువంటి మూగబొమ్మను చూచి జనులు పాదరక్షలు విడిచి చేతులు జోడించారు. అది ఎట్లు సాధ్యమైంది? అందులో గారడి ఎంత, భక్తి ఎంత? ఈ వ్యాసంలో విచారింపదలచినది ఆ విషయమే.

వెలుగునీడలతో కథ చెప్పడం మనకు క్రొత్త కాదు. పలుచని తెల్లని వస్త్రం, దాని వెనుక ఆముదపు దీపం, రంగులద్దిన తోలుబొమ్మ, ఇంతమాత్రంతోనే రాయలసీమ గ్రామాలలో రాత్రి తెల్లవార్లూ రామాయణం నడిచేది. రావణుడు పది తలలతో ఊగుతూ వస్తే పిల్లలు తల్లుల కొంగుల చాటుకు చేరేవారు. మధ్యమధ్య కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించి నిద్రమత్తు వదిలించేవారు. నాట్యశాస్త్రం చెప్పిన అద్భుత, భయానక, హాస్య రసాలు మూడూ ఒకే తెరపై పండేవి. మహారాష్ట్రలో కళ్యాణ్ పట్టణానికి చెందిన మహాదేవ పట్వర్ధన్ 1892 నాటికే గాజుపలకలపై చిత్రాలు వ్రాసి, దీపపు పెట్టె ద్వారా తెరపై ప్రసరింపజేసి రామకథను చూపించారు. ఆ ప్రదర్శనకు శాంబరిక ఖరోలిక అని పేరు. శంబరుడు మాయావి అయిన అసురుడు. ఆయన పేరుతోనే ఇంద్రజాలానికి శాంబరి అను మాట ఏర్పడింది. పేరు పెట్టినవారు సంగతి తెలిసినవారే.

పాశ్చాత్య దేశాలలో ఈ దీపపు పెట్టె మరొక దారి పట్టింది. ఫ్రెంచి విప్లవంలో వేలాది శిరస్సులు తెగిపడిన కొద్ది సంవత్సరాలకే, రాబర్ట్‌సన్ అను పేరుతో ప్రసిద్ధుడైన ఒక ప్రదర్శకుడు పారిస్ నగరంలో ప్రేతాలను చూపించే వ్యాపారం ఆరంభించాడు. 1799 నుండి అతడి ప్రదర్శన జరిగిన చోటు ఒక పాడుపడిన కాపుచిన్ సన్న్యాసుల మఠం. ప్రేక్షకులు చీకటి వసారాల గుండా నడిచి, సమాధి చిహ్నాల నడుమ కూర్చునేవారు. దీపపు పెట్టెకు చక్రాలు అమర్చి, తెర వెనుక ముందుకూ వెనుకకూ జరిపేవారు. పెట్టె వెనుకకు పోయేకొద్దీ తెరపై ఆకారం పెరుగుతుంది. ప్రేతం మీదికి దూకుతున్నదని ప్రేక్షకులు కేకలు పెట్టేవారు. పొగపైన బొమ్మను ప్రసరింపజేయడం కూడా అతడు ఎరుగును. ఇటీవలే ఆత్మీయులను కోల్పోయిన జనానికి ప్రేతాలను అమ్మడంలో ఎంత చాతుర్యమున్నదో అంత నిర్దయ కూడా ఉన్నదని ఈ రచయిత అభిప్రాయం. భయానక చిత్రాల ప్రదర్శనకళకు మూలం ఇక్కడే ఉన్నది: ద్వారం నుండే భయం మొదలుకావాలి, బొమ్మ దాని కొసమెరుపు మాత్రమే.

బొమ్మకు కదలిక వచ్చినది 1895 డిసెంబరు 28న. ఆ రోజు పారిస్‌లో ల్యూమియేర్ సోదరులు ప్రదర్శించిన చలనచిత్రాలను చూచినవారిలో జార్జి మెలియెస్ ఒకరు. ఆయన ఇంద్రజాలికుడు, ఇంద్రజాల ప్రదర్శనలకు ప్రసిద్ధమైన ఒక నాటకశాలకు యజమాని. మరుసటి సంవత్సరమే స్వయంగా చిత్రాలు తీయ మొదలిడినారు. ఒకనాడు పారిస్ వీథిలో చిత్రం తీస్తుండగా కెమెరా క్షణకాలం చిక్కుబడి ఆగిపోయినదట. సవరించి మళ్లీ త్రిప్పారు. తరువాత తెరపై చూస్తే, వీథిలో పోతున్న ప్రయాణికుల బండి చటుక్కున శవవాహనంగా మారిపోయింది. కెమెరా ఆగిన నిమిషంలో ఒక బండి పోయి మరొకటి వచ్చింది, అంతే. ఈ కథను మెలియెస్ స్వయంగా చెప్పుకున్నారు. నిజమైనా కల్పన అయినా, అందులోని కీలకం మాత్రం సత్యం. కెమెరాను ఆపి, ఎదుట ఉన్నదానిని మార్చి, మళ్లీ త్రిప్పితే చూచేవారికి ఆ ఆపడం కనిపించదు. మార్పు మాత్రమే కనిపిస్తుంది. తెరపై అంతర్ధానాలకు, ప్రత్యక్షాలకు ఇదే మూలసూత్రం.

మెలియెస్ 1896లో తీసిన ఒక చిత్రంలో గబ్బిలం ఎగురుతూ వచ్చి పిశాచాధిపతిగా మారుతుంది, అస్థిపంజరాలు పుడతాయి, మాయమవుతాయి. తొలి భయానక చిత్రమని దానిని పేర్కొంటారు. నిజానికి అది భయపెట్టేదానికంటె నవ్వించేదే ఎక్కువ. 1902లో తీసిన చంద్రలోక యాత్ర ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. కడపటి దశ మాత్రం దుఃఖమయం. వ్యాపారం నశించి, 1923లో తన చిత్రాల మూలప్రతులను తానే తగులబెట్టి, పారిస్‌లోని ఒక రైల్వే స్టేషనులో బొమ్మలు, మిఠాయిలు అమ్ముకున్నారు.

ఈశుని కథ చూచిన కన్నులు

ఫాల్కే కూడా ఇంద్రజాలికులే. బొంబాయి జె.జె. కళాశాలలో, బరోడా కళాభవన్‌లో చిత్రలేఖనం, ఛాయాచిత్రణం అభ్యసించారు. గోధ్రాలో ఛాయాచిత్రశాల నడుపుతుండగా ప్లేగు వ్యాధి భార్యను, బిడ్డను తీసుకొనిపోయింది. ఆ తరువాత పురావస్తుశాఖలో చిత్రకారుడుగా పనిచేశారు. లోనావాలా వద్దనున్న రవివర్మ ముద్రణాలయానికి శిలాముద్రణ పనిచేసి పెట్టారు. ఆనాడు ఆ ముద్రణాలయం నుండి వెలువడిన లక్ష్మీ, సరస్వతీ పటాలే మన పూజామందిరాలలో కుంకుమబొట్లతో వెలిగాయి. దేవతామూర్తి ఇంటింటికీ కాగితంపై చేరడాన్ని ఫాల్కే దగ్గరనుండి చూచారన్నమాట. నడుమ కొంతకాలం తన పేరును తిరగవేసి ‘ప్రొఫెసర్ కేల్ఫా’ అను పేరుతో గారడీ ప్రదర్శనలు కూడా ఇచ్చారు.

1911లో ఈస్టరు పర్వదినాలలో బొంబాయి గిర్గాంలోని ఒక డేరాలో ఏసుక్రీస్తు జీవితాన్ని చూపే చిత్రం వచ్చింది. ఫాల్కే దంపతులు దానిని చూచారు. క్రీస్తు కథ కన్నుల ముందు సాగుతుండగా తన మనస్సులో శ్రీకృష్ణుడు, శ్రీరాముడు, గోకులం, అయోధ్య కదలాడాయని ఆయన తరువాత వ్రాసుకున్నారు. మన దేవతలను మన బిడ్డలు తెరపై చూచేది ఎన్నడు, అను తపన ఆయనను పట్టుకుంది. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది, చేతిలో వ్యాపారం లేదు. రోజుకు గంటల తరబడి చిత్రాలు చూస్తూ, రాత్రులు ప్రయోగాలు చేస్తూ కన్నులను పాడుచేసుకున్నారు. కొంతకాలం చూపే పోయింది. వైద్యం వలన అది తిరిగి వచ్చింది.

ధనమిచ్చేవారు లేరు. ఆయన ఒక బఠానీ గింజను కుండీలో నాటి, దాని ఎదుట కెమెరా నిలిపి, రోజుకు కొన్ని చిత్రాల చొప్పున నెలకు పైగా తీశారు. తెరపై ఆ మొలక రెండు ఆకులు విప్పి, తీగ సాగి, క్షణాలలో ఎదిగింది. అది చూచినవారు నమ్మారు. తన జీవితబీమా పత్రాలను కుదువబెట్టి ఋణం తెచ్చి, 1912 ఫిబ్రవరిలో లండను వెళ్లి, విలియంసన్ కెమెరా, చిల్లులు వేసే యంత్రం, ముడి ఫిల్ము కొనుగోలుచేసి ఏప్రిల్‌లో తిరిగి వచ్చారు. భార్య సరస్వతీబాయి నగలు కూడా ఈ యజ్ఞంలో ఆహుతి అయ్యాయి. ఆ మహాతల్లిని గూర్చి ఒక్కమాట చెప్పక తప్పదు. ఆనాటి ఫిల్ము అంచులకు చిల్లులుండేవి కావు, చీకటిగదిలో చేతితో వేయాలి. ఆ పని ఆమెదే. ఫిల్ము కడిగే రసాయనాలు కలపడం, ఎండను ముఖాలపైకి మరలించేందుకు తెల్లని దుప్పటి పట్టుకొని నిలవడం, పనివారందరికీ వండి వడ్డించడం కూడా ఆమెవే. భారతీయ చలనచిత్ర పితామహుడని ఫాల్కేను కీర్తించేవారు ఈ తల్లిని స్మరించకపోవడం న్యాయం కాదు.

తొలిచిత్రానికి ఆయన ఎంచుకున్నది హరిశ్చంద్రుని కథ. రాజుగా దబ్కే నటించారు, రోహితాస్యుడుగా ఫాల్కే కుమారుడు భాలచంద్ర. తారామతి వేషానికి మాత్రం స్త్రీలు దొరకలేదు. వేశ్యావాటికలలో అడిగినా నిరాకరించారు. చివరకు ఒక భోజనశాలలో నెలకు పది రూపాయలకు వంటపని చేస్తున్న అన్నా సాళుంకే అను యువకుని సుకుమారమైన చేతివ్రేళ్లు చూచి, పదిహేను రూపాయలిచ్చి తీసుకొనివచ్చారు. స్త్రీవేషం ధరించే మగవారు మీసం తీయబోమని పట్టుబట్టారట. తండ్రి జీవించి ఉండగా మీసం తీయడం అశుభమని వారి నమ్మకం. ఎంతో నచ్చజెప్పిన మీదట ఒప్పుకున్నారు. చంద్రమతీదేవి మన పద్యనాటకాలలోనూ మీసం తీసిన పురుషుడే కాబట్టి మన పెద్దలకు ఇది వింతగా తోచదు.

‘రాజా హరిశ్చంద్ర’ 1913 మే 3న బొంబాయి కోరొనేషన్ ప్రదర్శనశాలలో విడుదలయింది. దాని నిడివి 3,700 అడుగులు. కేవలం పురాణకథకే జనం వస్తారన్న ధైర్యం యజమానులకు లేకపోయింది కాబోలు, చిత్రంతోపాటు ఒక దొరసాని నాట్యం, హాస్యప్రదర్శన, పాదాలతో వస్తువులను ఎగురవేసి పట్టే గారడి కూడా చేర్చారు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు ఎందుకు అవసరమయ్యాడో ఇదీ అందుకే.

సూరత్‌లో మరొక చిక్కు వచ్చినదని చెబుతారు. అక్కడి జనం రెండణాలకు ఆరుగంటల నాటకం చూచేవారు, గంటన్నర బొమ్మకు మూడణాలు ఎందుకిస్తారని స్థానిక భాగస్వామి వాపోయాడు. ఫాల్కే ధర తగ్గించలేదు, ప్రకటన మార్చారు. యాభైయేడువేల ఛాయాచిత్రాలు, రెండు మైళ్ల పొడవైన బొమ్మ, అన్నీ మూడణాలకే! జనం విరగబడి వచ్చారు. ఈ లెక్కను కొంచెం పరిశీలిస్తే వినోదంగా ఉంటుంది. అడుగు ఫిల్ములో పదహారు చిత్రాలు ఇముడుతాయి. 3,700 అడుగులకు 59,200. కాబట్టి యాభైయేడువేలన్నది ఇంచుమించు సత్యమే. రెండు మైళ్లన్నది మాత్రం వర్తకుని భాష. ఆ ఫిల్మును పరిస్తే ముప్పాతిక మైలుకు కూడా చేరదు. సత్యహరిశ్చంద్రుని కథకు ఇంతమాత్రం అసత్యం జోడించవలసి రావడం విధి చేసిన పరిహాసం.

పాదరక్షలు విడిచిన ప్రేక్షకులు

1917లో వచ్చిన ‘లంకాదహనం’ ఫాల్కే కీర్తిని శిఖరానికి చేర్చింది. అన్నా సాళుంకే అందులో శ్రీరాముడు, సీతాదేవి రెండు వేషాలూ తానే ధరించాడు. భారతీయ చలనచిత్రాలలో తొలి ద్విపాత్రాభినయం అదే. రాముడు పురుషుడై, సీత స్త్రీ అయి, ఇద్దరూ ఒక్క వంటవాని శరీరంలోనే నిలవడంలో ఏదో వేదాంతమున్నదనిపిస్తుంది, కాని ఫాల్కేకు అప్పటి అవసరం అదే. హనుమంతుడు ఆకాశంలోకి లేచి, దూరమయ్యేకొద్దీ చిన్నబోతూ మేఘాలలో కలిసిపోయే దృశ్యం, తోకనిప్పుతో లంక తగులబడే దృశ్యం జనాన్ని ముగ్ధులను చేశాయి. బొంబాయిలో ఉదయం ఏడుగంటల నుండి అర్ధరాత్రి దాటేవరకు ఆటలు నడిచాయి. మద్రాసులో వసూలైన చిల్లర నాణేలను పోలీసుల కాపలాతో ఎద్దుబండిపై తరలించారని చెప్పుకునేవారు.

శ్రీరాముడు తెరపై కనిపించగానే ప్రేక్షకులు పాదరక్షలు విడిచి సాష్టాంగపడేవారట. ఈ ముచ్చట చెప్పి నవ్వేవారు నేడు ఉన్నారు. అజ్ఞానులు, బొమ్మను దేవుడనుకున్నారు అని వారి భావం. ఈ మాట నిలువదు. అదే జనం ముందురోజు వీథినాటకంలో రామవేషధారికి హారతి పట్టారు. ఆ వేషగాడు తమ ఊరి వానిగా, ప్రొద్దున తమ పొలంలో పనిచేసేవానిగా వారికి తెలుసు. తెలిసే హారతి పట్టారు. రామలీలలో బాలురకు పాదపూజ చేసే కాశీ ప్రజలకూ తెలుసు. నమస్కారం వేషానికీ కాదు, ఫిల్ముకూ కాదు. ఆ రూపం ఎవరిని స్మరింపజేస్తున్నదో ఆ స్వామికి.

మన శిల్పశాస్త్రం ఈ విషయమై స్పష్టమైన విభాగం చేసింది. అన్నివైపులా పూర్తిగా చెక్కిన మూర్తి చిత్రం, గోడకు అంటి సగం ఉబికి ఉండేది అర్ధచిత్రం, గోడపైనో వస్త్రంపైనో రంగులతో వ్రాసినది చిత్రాభాసం. ఆభాసమంటే తోచేది, ప్రకాశించేది. తెరపై బొమ్మ ఆ ఆభాసానికి మరొక ఆభాసం. దానికి ప్రాణప్రతిష్ఠ లేదు, నిత్యార్చన లేదు, నైవేద్యం లేదు. దీపం ఆరితే అది లేదు. కాబట్టి ఆలయంలోని అర్చామూర్తి దర్శనంతో దానిని సమానం చేయరాదు. చేయనవసరమూ లేదు. సద్యఃస్ఫూర్తిగా స్మరణ కలిగించడమే దాని పని. స్మరణం నవవిధ భక్తులలో ఒకటి.

మరి గారడి సంగతి ఏమిటి? ఫాల్కే వాడిన ఉపాయాలన్నీ మెలియెస్ వాడినవే. కెమెరా ఆపి మార్చడం ఒకటి. నల్లని తెరముందు ఒక బొమ్మ తీసి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, దానిపైనే మరొక బొమ్మ తీయడం ఇంకొకటి. నలుపు ఫిల్ముపై ముద్రపడదు కాబట్టి, ఆ ఖాళీ చోటులో రెండవ రూపం వచ్చి నిలుస్తుంది. విష్ణువు గాలిలో ప్రత్యక్షం కావడానికి, హనుమంతుడు ఎగరడానికి ఇదే ఆధారం. చేతిపిడిని మెల్లగా త్రిప్పితే తెరపై కదలిక వేగమవుతుంది, వేగంగా త్రిప్పితే మందగిస్తుంది. పారిస్‌లో ఇదే ఉపాయంతో పిశాచం పుట్టింది, నాసిక్‌లో ఇదే ఉపాయంతో శ్రీకృష్ణుడు అవతరించాడు. ఉపాయానికి సొంత గుణం లేదు. మెలియెస్ చిత్రంలో గారడి చూచి ‘ఎట్లు చేశాడు?’ అని ప్రేక్షకుడు అబ్బురపడతాడు. ఫాల్కే చిత్రంలో కథ ముందే తెలిసిన ప్రేక్షకుడు ఆ ప్రశ్నే అడగడు. స్వామి ఎగురుతాడని అతనికి ముందే తెలుసు. కన్నులతో చూడడం ఒక్కటే మిగిలి ఉంది.

భయం కూడా అంతే. 1918లో తీసిన ‘శ్రీకృష్ణ జన్మ’లో కంసుని కలవరం చూపించారు. ఎటు చూచినా బాలకృష్ణులే అతనిని చుట్టుముడతారు. అతని శిరస్సు మొండెం నుండి వేరై పైకి లేస్తుంది, మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. రాబర్ట్‌సన్ మఠంలోని ప్రేతాలకు ఏమాత్రం తీసిపోని భయానకం అది. అయితే ఆ భయం ప్రేక్షకునిది కాదు, కంసునిది. పసిబాలుని చూచి చక్రవర్తి వణికిపోతుంటే, కూర్చున్నవారికి కలిగేది ధైర్యం. పిల్లలు చప్పట్లు కొట్టి ఉంటారు. భాగవతం చదివినవారికి కంసుని భయమే నిరంతర స్మరణమై అతనికి ముక్తి నిచ్చిందని విదితమే. ఆ తాత్పర్యాన్ని ఒక్కమాట లేకుండా, తెగి అతుక్కునే ఒక తలతో చూపించిన ఫాల్కేను పౌరాణికులు తమలో ఒకరిగా లెక్కించవచ్చు.

మూసిన తలుపులు, తెరచిన డేరాలు

ఇక్కడ ఒక విషయం దాటవేయరానిది. ఫాల్కే 1913లోనే తన చిత్రనిర్మాణాన్ని నాసిక్‌కు మార్చారు. 1918లో హిందూస్థాన్ ఫిల్మ్ కంపెనీ అక్కడే వెలసింది. నాసిక్ పంచవటిలో కాలారామ మందిరమున్నది. నల్లరాతి మూర్తియైన శ్రీరాముడు కొలువైన ఆ ఆలయంలోకి అస్పృశ్యులని పేరుపడినవారికి నాడు ప్రవేశం లేదు. 1930 మార్చి 2న డాక్టర్ అంబేద్కర్ నాయకత్వంలో వేలాదిమంది ఆ ద్వారాల ఎదుట సత్యాగ్రహం ఆరంభించారు. సంవత్సరాల పాటు సాగినా ద్వారాలు తెరుచుకోలేదు. మన మద్రాసు రాష్ట్రంలోనూ స్థితి వేరు కాదు. ఆలయప్రవేశ చట్టాలు 1939లో, 1947లో వచ్చేవరకు ఎందరో భక్తులు గోపురాన్ని దూరం నుండి చూచి దండం పెట్టి తిరిగిపోయారు.

ఒకే పట్టణంలో ఒకవైపు రాముని ఆలయద్వారం మూసి ఉన్నది. మరొకవైపు అణాలు చెల్లించిన ప్రతివానికీ రాముడు తెరపై ముఖాముఖి కనిపిస్తున్నాడు. సినిమా డేరాలలో సమానత్వమున్నదని కాదు. ధనికులకు కుర్చీలు, పేదలకు నేల. అయితే నేలపై కూర్చున్నవానికి తెర మరింత దగ్గర. ఫాల్కే ఈ ఉద్దేశంతో చిత్రాలు తీశారని చెప్పడానికి ఆధారం లేదు, ఆయన సంప్రదాయ నిష్ఠగల బ్రాహ్మణులు. కాని చేసినవాని సంకల్పాన్ని మించి ఫలితం పోవడం కద్దు. లంకాదహనం చూచి సాష్టాంగపడినవారిలో జీవితంలో మరెక్కడా స్వామిని అంత చేరువగా చూడనివారు ఉండి తీరాలి. ప్రదర్శనశాలలో పాదరక్షలు విడవడం నవ్వుకోదగిన సంగతిగా తోచేవారు, వారికి పాదరక్షలు విడిచే చోటు మరొకటి ఏది అని ఆలోచించాలి. ఆలయ పత్రికలో ఈ మాట వ్రాయడం అసందర్భమని ఈ రచయిత భావించడం లేదు. వ్రాయదగిన చోటు ఇదే.

తెలుగువారి పాలు

ఈ కథలో మనవారి పాలు చిన్నది కాదు. మచిలీపట్నంలో 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్యనాయుడు మద్రాసులో ఛాయాచిత్రకారులు. ఫాల్కే క్రీస్తు చిత్రం చూడకముందే ఆయన క్రోనోమెగాఫోన్ అను యంత్రాన్ని తెప్పించారు. బొమ్మకు తోడుగా గ్రామఫోను పలకపై శబ్దం వినిపించే ఏర్పాటు అది. దానిని వెంటబెట్టుకొని దక్షిణదేశమే కాక బర్మా, సింహళం వరకు డేరాలు వేసి ఊరూరా ప్రదర్శించారు. 1914 ప్రాంతంలో మద్రాసులో గెయిటీ ప్రదర్శనశాలను నిర్మించారు. కుమారుడు ప్రకాశ్‌ను విదేశాలకు పంపి చిత్రనిర్మాణం నేర్పించారు. తండ్రీకొడుకులు కలిసి 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ నిర్మించారు. భీష్ముడుగా ప్రకాశ్ స్వయంగా నటించారు. గజేంద్రమోక్షం, మత్స్యావతారం వంటి కథలు కూడా ఆ సంస్థ నుండి వెలువడ్డాయి. కాకినాడలో సి. పుల్లయ్య తన ఇంటివద్దనే ‘మార్కండేయ’ తీసి, యమధర్మరాజు వేషం తానే ధరించారు.

మూగచిత్రం అన్నమాటే కాని, ప్రదర్శనశాలలో మౌనం ఉండేది కాదు. తెర ప్రక్కన ఒక వ్యాఖ్యాత నిలిచి, కథ చెబుతూ, తెరపై పడే అక్షరాలు చదివి వినిపించేవాడు. హార్మోనియం, తబలా తోడయ్యేవి. వ్యాఖ్యాత చతురుడైతే భీష్ముని ప్రతిజ్ఞకు పద్యం కూడా అందుకునేవాడు. హరికథ విన్న చెవులకు ఈ పద్ధతి అలవాటైనదే. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెర తెలుగు మాట్లాడడం మొదలుపెట్టగానే ఈ వ్యాఖ్యాతల వృత్తి అంతరించింది.

ప్రదర్శనశాలను ఆలయప్రాంగణంగా మార్చే ఆచారం మాత్రం మాటలు వచ్చాక కూడా పోలేదు. 1960లో పి. పుల్లయ్య ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ ప్రదర్శించిన చోట్ల శ్రీవారి మూర్తిని నిలిపి, హుండీ ఏర్పాటుచేశారు. కొండకు పోలేనివారు అక్కడే ముడుపులు వేశారు. ఇది వ్యాపారపు ఎత్తుగడ కాదా అని అడిగితే, అవును, అదీ ఉన్నది. రాబర్ట్‌సన్ ద్వారం నుండే భయాన్ని ఆరంభించినట్లు, వీరు ద్వారం నుండే భక్తిని ఆరంభించారు. ముడుపు కట్టినవారి మనస్సు మాత్రం వ్యాపారం కాదు.

ఫాల్కే చరమదశ మెలియెస్ దశకు భిన్నం కాలేదు. భాగస్వాములతో పొసగక ఒకమారు అన్నీ విడిచి కాశీ చేరారు, మళ్లీ వచ్చారు. తొంభైకి పైగా చిత్రాలు తీసి, శబ్దం వచ్చిన తరువాత ‘గంగావతరణం’ ఒక్కటే మాటలతో తీయగలిగారు. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో, దాదాపు విస్మృతులై, తనువు చాలించారు. నాటి ఫిల్ము సులభంగా అంటుకునే పదార్థం. వేడికి, చెమ్మకు చెడిపోతుంది. దానిలోని వెండికోసం కరిగించి అమ్ముకున్నవారు కూడా ఉన్నారు. మన దేశంలో తీసిన దాదాపు 1,300 మూగచిత్రాలలో మిగిలినవి అత్యల్పం. ‘భీష్మప్రతిజ్ఞ’ నేడు లభ్యం కాదు. ‘రాజా హరిశ్చంద్ర’లో మొదటి, చివరి చుట్టలు మాత్రం దక్కాయి, అవి కూడా 1917లో మళ్లీ తీసిన ప్రతివని పరిశోధకుల అభిప్రాయం. పుణెలో 1964లో స్థాపించిన జాతీయ చలనచిత్ర భాండాగారానికి పి.కె. నాయర్ ఊరూరా తిరిగి, ఫాల్కే కుటుంబంవారి వద్ద నుండి కూడా ముక్కలు సేకరించి చేర్చారు. శిథిలాలయాల నుండి మూర్తులను వెలికితీసి భద్రపరచడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

దక్కినవాటిలో 1919 నాటి ‘కాళీయమర్దనం’ ప్రధానమైనది. కృష్ణుడుగా నటించినది ఫాల్కే కుమార్తె మందాకిని. చిత్రారంభంలో ఆ పసిపాప ముఖాన్ని దగ్గరగా చూపుతారు, నవ్వు, అలుక, ఆశ్చర్యం ఒకదాని వెంట ఒకటి మారుతాయి. మా అమ్మాయి ఇది, వేషం వేసుకోబోతున్నది అని ముందే చెప్పినట్లుంటుంది. పిమ్మట ఆమె నెమలిపింఛంతో కృష్ణుడై వస్తుంది. ఎవరినీ మభ్యపెట్టలేదు. కడపట మడుగులో దూకి, గుడ్డతోను కర్రతోను చేసినట్లు స్పష్టంగా తెలిసే సర్పంతో పెనుగులాడి, దాని పడగలపై నిలిచి నీటిపైకి వస్తుంది. నాసిక్ వెళ్లే యాత్రికులు పాండవలేణి గుహల చెంత ఫాల్కే స్మారకాన్ని కూడా చూచి రావచ్చును. త్ర్యంబకం నుండి అది గంట ప్రయాణం.